కోరం అన్నవాళ్లే కోరం

పిడుగురాళ్లలో ఆ ఉదయం హనుమయ్య పథకం చాలా చిన్నది. పదింటికి దుమ్ము కమిటీ అధ్యక్ష పదవికి రాజీనామా, ఆపైన భార్య అంకమ్మతో సాగర్ బస్సు. విజయపురి సౌత్‌లో ఆమె తమ్ముడింటికి వెళ్లాలన్న ప్రయాణం మీటింగుల పుణ్యమా అని ఆగుతూనే ఉంది. ఈసారీ ఆగితే తానొక్కతే వెళ్తానందామె. ఎప్పుడొచ్చేదీ మాత్రం చెప్పలేదు.

కమిటీ మొదట్లో ఇలా ఉండేది కాదు. బట్టీల సున్నమూ లారీల దుమ్మూ కలిసి ఊరికి పౌడరు రాస్తుంటే హనుమయ్య ఓ కేక వేసేవాడు, ట్యాంకరొచ్చి రోడ్డు తడిపేది. పాలనంటే అంతే. తర్వాత బట్టీలవాళ్లు, లారీలవాళ్లు, బడివాళ్లు, ఆసుపత్రివాళ్లు అందరూ చేరారు. నియమావళి పుట్టింది, దానికి ఉపసంఘాలు పుట్టాయి. నీళ్లు చల్లాలన్నా తీర్మానం కావాలి. సభ్యుల్లో సగంమంది రాకపోతే మీటింగే చెల్లదు. ఆ సగానికి కోరమని పేరు. రాజీనామాకు ఓటు అక్కర్లేదు, కోరం ముందు చదివితే చాలు. చదవడానికి హనుమయ్యకు నోరుంది, వినడానికి కోరమే లేదు.

అందుకే ముందురోజు కమిటీ వాట్సాప్ గ్రూపులో అడిగాడు: "రేపు నా రాజీనామా. కోరం ఉంటుందా?"

లారీల తరఫు సభ్యుడు అబ్దుల్ రహీమ్ మీటింగులకు ఏనాడూ రాలేదు గనక ఆ మాట ఎరగడు. హనుమయ్య దిగితే కుర్చీ తన నెత్తిన పడుతుందని హడలిపోయి, అక్కర్లేదనే అర్థంలో "కోరం" అని కొట్టాడు. అదే భయంతో హెడ్మాస్టరు కృపావరం "మేమూ కోరం" అన్నాడు. అవి చూసి హనుమయ్య పొంగిపోయి అంకమ్మను సంచులు సర్దమన్నాడు.

తెల్లారేసరికి భయం ముదిరింది. రహీమ్ కమిటీ ఆఫీసు ముందు రోడ్డుకు లారీలు అడ్డం పెట్టించాడు. కృపావరం మేష్టర్లతో "రాజీనామా కోరం" అని అట్టలు పట్టించాడు. ట్యాంకరు ఇరుక్కుంది. దాని వెనక సాగర్ బస్సూ ఇరుక్కుంది. ఎజెండాను అట్టల మీద రాసుకొచ్చిన సభ్యుల శ్రద్ధకు హనుమయ్య కళ్లు చెమర్చాయి.

"మావా, నువ్వు దిగటం మేం కోరం," అన్నాడు రహీమ్.

"కోరమేరా నాక్కావాల్సింది. లోపలికి రండి."

"ఏంది మావా, కోరం అంటుంటే రమ్మంటావు?"

"రాకపోతే కోరమెట్టా అవుద్దిరా?"

ఈ సంగతి తేల్చుకుందామని అందరూ లోపలికి నడిచారు. కార్యదర్శి డాక్టర్ అపర్ణ తలలు లెక్కపెట్టి, "సగం దాటారు. కోరముంది, చదువు బాబాయ్," అంది.

హనుమయ్య ఒక్క గుక్కలో చదివేశాడు. అట్టలు వాటంతటవే కిందికి దిగాయి. కోరం ఉండగానే అపర్ణ ఇంకో తీర్మానం పెట్టింది: ఇకపై కుర్చీ వర్గానికొకసారి వంతులవారీగా తిరగాలి, ఎక్కువ మీటింగులు ఎగ్గొట్టినవాళ్లతో మొదలు. రహీమ్ తప్ప అందరి చేతులూ లేచాయి.

కొత్త అధ్యక్షుడి తొలి నిర్ణయం, తన లారీలు తానే తీయించుకోవడం. ట్యాంకరు కదిలింది, దుమ్ము అణిగింది, బస్సు కదిలింది. అందులో అప్పటికే కూర్చునున్న అంకమ్మ పక్కసీటు మీది సంచి తీసి, "ఇంకేమన్నా మీటింగుందా?" అనడిగింది. లేదంటూ పరుగున ఎక్కిన హనుమయ్య ఆ సీట్లో కూలబడ్డాడు.

మాచర్ల దాటకముందే ఫోన్ మోగింది. రహీమ్ మెసేజ్: "మావా, రేపు నా రాజీనామా. కోరం ఉంటుందా?"

హనుమయ్య చల్లగా కొట్టాడు: "కోరం."