స్టార్ట్ కాని రంపం చేసిన మేలు

చెడిపోయిన యంత్రాలన్నింటిలోకీ మనిషికి ఎక్కువ మేలు చేసేది పెట్రోలు రంపం. ఫ్రిజ్జు చెడిపోతే పాలు విరుగుతాయి. ఫ్యాను చెడిపోతే నిద్ర పాడవుతుంది. నీళ్ల మోటారు చెడిపోతే బకెట్లు మోయాలి. మరి రంపం చెడిపోతే? వీధి బాగుపడుతుంది!

నవ్వకండి. ఈ మాట ఊరికే అనడం లేదు. మా వీధి బాగుపడటం నేను కళ్లారా చూశాను.

మాది ఒకవైపు మూసుకుపోయిన వీధి. రావాలన్నా పోవాలన్నా ఒకటే దారి. ఆ దారి మొదట్లో ఉన్న పెద్ద చెట్టు మొన్నటి గాలివానకు వేళ్లతో సహా లేచి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అడ్డంగా పడింది. కరెంటు తీగ తెగలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. హమ్మయ్య అనుకున్నాం. మా ఆవిడ మాత్రం వెంటనే, వదినగారి వ్యాను ఎలా వస్తుందని అడిగింది.

వదినగారంటే మా అక్క. మాతోనే ఉంటుంది. ఆమె కిడ్నీలు పనిచేయవు. రోజు విడిచి రోజు ఆసుపత్రి వ్యాను మా గుమ్మంలోకి వచ్చి ఆమెను డయాలసిస్‌కు తీసుకెళ్తుంది. గుమ్మం నుంచి గేటు దాకా నడిస్తేనే ఆయాసపడే మనిషి. పడిన చెట్టు కొమ్మల్లోంచి దూరి అవతలికి వెళ్లడం ఆమె వల్ల అయ్యే పని కాదు.

చెట్లు తొలగించే ఆఫీసుకు ఫోన్ చేశాను. ఎంత మర్యాదగా మాట్లాడారో! ఫిర్యాదు నమోదు చేసుకున్నామన్నారు. మనుషులు వేరేచోట పనిలో ఉన్నారన్నారు. కంగారు పడవద్దన్నారు. ఒక ఆఫీసు నా మనశ్శాంతి గురించి ఇంతగా పట్టించుకోవడం అదే మొదటిసారి. అందుకని కంగారు పడకుండా ఉండటానికి శాయశక్తులా ప్రయత్నించాను. ఆ మధ్యాహ్నం వ్యాను చెట్టుకు అవతల నిలబడి కాసేపు హారన్ కొట్టి వెళ్లిపోయింది. మర్నాటి పొద్దుటికి అక్క పాదాలు చెప్పుల్లో పట్టలేదు.

ఇక లాభం లేదని మా ఆవిడ తన తమ్ముడికి ఫోన్ చేసింది. మా బావమరిది దగ్గర పెట్రోలు రంపం ఉంది. తోటలో కొమ్మలు కొట్టిద్దామని ఎప్పుడో కొన్నాడు. ఆ తర్వాత తోట అమ్మేశాడు, రంపం ఉంచుకున్నాడు. దాన్ని మూట కట్టుకుని వచ్చి, మమ్మల్నందరినీ దూరంగా నిలబడమని, బూటుకాలితో తొక్కిపట్టి తాడు లాగాడు. రంపం పలకలేదు. మళ్లీ లాగాడు. చొక్కా విప్పి లాగాడు.

మేలు ఇక్కడే మొదలైంది. రంపం పలికి ఉంటే ఆ చప్పుడుకు అందరూ కిటికీలు మూసుకునేవారు. పలకలేదు కాబట్టి అందరూ బయటికొచ్చారు! పక్కింటి పళ్ల డాక్టరు వచ్చాడు. ఎదురింటి హారన్‌గారు కూడా వచ్చారు. ఆ పేరు నేను పెట్టిందే. ఆయన గేటు ముందు మా కారు ఆగితే చాలు, తన కారులోకి వెళ్లి కూర్చుని మరీ హారన్ కొడతారు. మా మధ్య మాటలు పోయి చాలాకాలమైంది. అలాంటి మనిషి చెట్టు దగ్గరికొచ్చి, నా వైపు చూడకుండా, ముందు ప్లగ్గు విప్పి చూడమని బావమరిదికి చెప్పారు.

ప్లగ్గు విప్పారు. పళ్ల డాక్టరు తన చిన్న అద్దంతో దాన్ని నాలుగు వైపులా పరీక్షించి, పాచి బాగా పట్టిందని తేల్చాడు. గీకి శుభ్రం చేశారు. ప్లగ్గును ఇంజిన్ ఇనుముకు ఆనించి తాడు లాగితే నీలంగా నిప్పురవ్వ కనిపించాలట. ఎండలో ఏం కనిపిస్తుంది? మా ఆవిడ దుప్పటి తెచ్చింది. పట్టపగలు నడివీధిలో పెద్దమనుషులం అందరం ఒకే దుప్పటి కింద తలలు దూర్చి నిప్పురవ్వ కోసం ఎదురుచూశాం. దుప్పటి కింద హారన్‌గారి చెవి నా చెవికి తగిలింది. అంత దగ్గరగా మేము ఎన్నడూ లేం. రవ్వ మాత్రం రాలేదు.

అయితే లోపం కాయిల్‌ది అన్నారు హారన్‌గారు. ప్లగ్గుకు నిప్పు పంపేది కాయిల్. దాని పక్కన అయస్కాంతం ఉన్న చక్రం తిరుగుతుంది. రెంటి మధ్య సందు ఒక విజిటింగ్ కార్డు మందం ఉండాలి, అంతే. మా బావమరిది మూత విప్పాడు. లోపలంతా తుప్పు. చక్రం వెనక కూడా తుడుద్దామని దాన్ని ఊడదీయబోయాడు. రాకపోతే సుత్తితో నాలుగు తగిలించాడు. తుడిచి బిగించాక, కార్డు కావాలన్నాడు.

నా దగ్గర ఒకటి ఉంది. ఎన్నికలప్పుడు మా వార్డు నాయకుడు ఇంటికొచ్చి, ఏ కష్టమొచ్చినా తనను తలుచుకోమని ఇచ్చిన కార్డు. కష్టం వచ్చింది, తలుచుకున్నాం. కార్డును సందులో పెట్టి కాయిల్ బిగించాం. రవ్వ రాలేదు. ఆ కార్డు మరీ దళసరిగా, ప్లాస్టిక్ పూతతో పెళ్లిపత్రికలా ఉంది. సందు ఎక్కువైపోయిందని హారన్‌గారు పట్టుకున్నారు. పళ్ల డాక్టరు మొహమాటపడుతూ తన కార్డు తీశాడు. చవకరకం కాగితం, పల్చగా ఉంది. దాన్ని పెట్టి బిగించగానే దుప్పటి కింద నీలంగా టపటపమంది. అందరం చప్పట్లు కొట్టాం.

ప్లగ్గు లోపల బిగించి తాడు లాగితే మాత్రం రంపం ఢామ్మని పేలి, తాడును వెనక్కి గుంజుకుంది. బావమరిది వేళ్లు కమిలిపోయాయి. ఈసారి లోపం టైమింగ్‌ది. నిప్పు వస్తోంది, రావలసిన క్షణంలో రావడం లేదు. చక్రాన్ని దాని స్థానంలో నిలబెట్టే చిన్న ఇనపచీల ఒకటి ఉంటుంది. అది మా బావమరిది సుత్తిదెబ్బలకు తెగింది. దుకాణానికి ఫోన్ చేస్తే, చీల విడిగా దొరకదని, చక్రంతో సహా కొనాలని, అదీ తెప్పించాలని చెప్పారు.

ఇంతలో, నిన్న తప్పిన డయాలసిస్ కోసం వ్యాను మళ్లీ వచ్చి చెట్టుకు అవతల ఆగింది. అక్క గేటు పట్టుకుని నిలబడి ఉంది. మొహం ఉబ్బింది. ఆమెను చూస్తే నాకు భయమేసింది. ఈ పూట కూడా తప్పితే ఏమవుతుందో ఆసుపత్రివాళ్లు ముందే చెప్పారు.

"ఒరేయ్, రంపం సంగతి తర్వాత చూసుకోండి. ముందు నన్ను అటు దాటించండి," అంది అక్క.

ప్లాస్టిక్ కుర్చీలో ఆమెను కూర్చోబెట్టాం. ముందు కాళ్లు నేను, బావమరిది పట్టుకున్నాం. వెనక ఒక కాలు పళ్ల డాక్టరు పట్టుకున్నాడు. ఇంకో కాలు ఎవరు పట్టుకుంటారా అని చూసేలోపే హారన్‌గారు వంగారు. చెట్టు మొద్దు మీదికి ఎక్కేటప్పుడు నా కాలు జారింది. కుర్చీ ఒరిగింది. అక్క కళ్లు మూసుకుంది. హారన్‌గారు ఆ బరువంతా తన భుజం మీదికి తీసుకుని, "నేను పట్టుకున్నాను, మీరు నిదానంగా అడుగెయ్యండి," అన్నారు. ఇన్నేళ్లకు ఆయన నాతో అన్న మొదటి మాట అది. వ్యాను వెళ్లాక ఆయన మొద్దు మీద కూర్చుని, మోకాలు రుద్దుకుంటూ, తన తల్లిని కూడా ఇలాగే మోసేవాడినని చెప్పారు. కారు మాట నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

తిరిగి రంపం దగ్గర కూర్చున్నాం. చీల లేకపోయినా, చక్రం గాడినీ ఇరుసు గాడినీ కంటితో ఒకే గీతలోకి తెచ్చి గట్టిగా బిగిస్తే ఈ ఒక్క పనికి నిలబడవచ్చని హారన్‌గారి ఆలోచన. పళ్ల డాక్టరు అద్దం పట్టాడు, హారన్‌గారు చక్రం పట్టారు, నేను నట్టు బిగించాను. బావమరిది దండం పెట్టి తాడు లాగాడు. రంపం గుర్రుమంది!

అలాగని అది పూర్తిగా బాగుపడి మమ్మల్ని అన్యాయం చేయలేదు. కాస్సేపు కోయగానే కాయిల్ వేడెక్కి ఆగిపోయేది. చల్లారితే మళ్లీ పలికేది. ఆ చల్లారే సమయంలో మా ఆవిడ టీ తెచ్చేది, హారన్‌గారి కోడలు బిస్కెట్లు తెచ్చేది. నిక్షేపంగా ఉన్న రంపం ఎవరికైనా బిస్కెట్లు తినిపించిందా? సాయంత్రానికి దారి తెరుచుకుంది. తిరుగు వ్యాను అక్కను తీసుకుని నేరుగా మా గుమ్మంలోకి వచ్చింది.

దాని వెనకాలే ఆఫీసు వ్యాను కూడా వచ్చింది.

అందులోంచి అధికారి, ముగ్గురు మనుషులు, అట్టపెట్టెలో రంపం దిగారు. రంపానికి కట్టిన ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. మేం కోసిన దుంగ ఒకటి దారి మధ్యలోకి దొర్లించి, రంపం తీసి లాగారు. ఒక్క లాగుకే హాయిగా పలికింది. దుంగ మీద దాన్ని ఆనించి ఫొటో తీసుకున్నారు. నా ఫోన్‌కు మెసేజీ వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడినదని. ఆపైన ఆ అధికారి, పడిపోయినదైనా సరే అనుమతి లేకుండా చెట్టును కోయడం తప్పని, రంపం ఎవరిదో చెప్పాలని అన్నారు. కమిలిన వేళ్లు వెనక దాచుకుని మా బావమరిది ఆకాశంలోకి చూశాడు.

అక్క వ్యాను మెట్టు మీదే కూర్చుని ఇదంతా చూస్తోంది. లబ్ధిదారు కదా, ఒక ఫొటోలో నిలబడమని ఆమెను అడిగారు.

"ఈ రంపం నిన్న ఎక్కడుంది నాయనా?" అంది అక్క.

"ఆఫీసులోనే ఉందమ్మా. పైనుంచి సంతకం రావాలి కదా."

అక్క నా చెయ్యి పట్టుకుని మెట్టు దిగి, ఆగి ఆగి లోపలికి నడిచింది.

కాబట్టి పాఠకులారా, చెడిపోయిన రంపాన్ని తిట్టకండి. రవ్వ రాకపోతే కాయిల్ జరుపుకోవచ్చు. వేళకు రాకపోతే చక్రం సరిచేసుకోవచ్చు. ఇవన్నీ మా వీధిలో ఇప్పుడు అందరికీ వచ్చు. ఆ ఆఫీసుకు మూత ఎటువైపు ఉందో, ముందు ఏ నట్టు విప్పాలో మాత్రం మాలో ఎవరికీ తెలియదు.