అంకితం పేజీ

పుస్తకాన్ని ఎక్కడ తెరిస్తే అందులోని సమస్య అక్కడికి వచ్చి కూర్చుంటుందన్న సంగతి చినరేవు పట్టణంలో అందరికీ తెలుసు కాబట్టి, అక్కడ ఎవరూ పుస్తకాలు తెరిచేవారు కాదు. కథల పుస్తకాలతో బాధ లేదు. కవిత్వంతో అసలే లేదు. వచ్చిన చిక్కల్లా కులం మీద, కూలి మీద, భూమి మీద, నీళ్ల మీద ఉన్నది ఉన్నట్టు రాసిన పుస్తకాలతోనే. రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన, ముంపు గ్రామాల మీద వచ్చిన పుస్తకాన్ని భోజనం చేసి నోట్లో ఇంత వక్కపొడి వేసుకుని సరదాగా తెరిచారు. రెండో అధ్యాయానికి వచ్చేసరికి పడక్కుర్చీ తేలింది. పుస్తకం మూయగానే నీళ్లు తీశాయి గానీ, గోడల చెమ్మ ఇంకా ఆరలేదు. మున్సిపాలిటీ వాళ్లు వచ్చి చూసి, తప్పు మాస్టారిదేనని తేల్చి వెళ్లారు.

అంతమాత్రాన చినరేవు వాళ్లకు పుస్తకాలంటే గిట్టదని ఎవరైనా అంటే కళ్లు పోతాయి. ఆవిష్కరణ సభ లేని ఆదివారం ఆ ఊళ్లో ఉండేది కాదు. రంగు కాగితంలో చుట్టిన పుస్తకాన్ని విప్పడం, అట్ట కనబడేలా గుండెలకు ఆనించుకుని వరసగా ఫొటోకు నిలబడటం, శాలువాలు కప్పుకోవడం, అన్నీ ముచ్చటగా జరిగేవి. ముఖ్య అతిథి మైకు అందుకుని “పుస్తకం ఇంకా చదవలేదు గానీ...” అనగానే సభంతా హమ్మయ్య అని ఊపిరి పీల్చుకునేది. ఆ తరవాత ఆయన గంటసేపు మాట్లాడినా ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. సమీక్షకులు వెనక అట్ట చూసి రాసేవారు. గ్రంథాలయంలో సామాజిక న్యాయం అని రాసి ఉన్న బీరువాకు తాళం వేసి, తాళంచెవిని ఫైర్ స్టేషన్లో ఉంచేవారు. నిబంధన అలాంటిది.

అలాంటి ఊళ్లో ఎస్తేరు పుస్తకం రాసింది. గూడెంలో పుట్టి, డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెబుతున్న మనిషి. పుస్తకం పేరు ‘కడ కుళాయి’. మంచినీళ్ల ట్యాంకు గూడెం పక్కనే ఉంటుంది. గొట్టం మాత్రం గూడేన్ని చూడనట్టే ముందు పెద్దవీధికి పోయి, మున్సిపల్ చైర్మన్ రత్తయ్య గారి మేడ మీదికెక్కి, ఆయన గులాబీ తోట తడిపి, అన్ని వీధులూ తిరిగి ఆఖరున గూడేనికి వస్తుంది. వచ్చేది నీళ్లు కాదు, గాలి. ఎస్తేరు తల్లి మార్తమ్మ పొలాల అవతలి బావి నుంచి బిందెలు మోసీ మోసీ నడినెత్తిన జుట్టు పోగొట్టుకుంది. ఆ నెత్తి మీద తన బతుకులోపల ఒక్క పూటయినా బిందె లేకుండా చూడాలన్నది ఎస్తేరు పంతం. పుస్తకం అందుకే రాసింది.

ప్రూఫులు దిద్దడానికి ప్రెస్సులో కూర్చుని కాగితాలు తెరిచిందో లేదో, తల్లి ఫోన్ చేసింది.

“అమ్మే ఎస్తేరూ! కుళాయి తిరిగిందే! బిందె నిండి పొంగిపోతంది! ఏం చేశావే?”

అదే సమయానికి ప్రెస్సు యజమాని చేతికి సబ్బు రాసుకుని, కుళాయి తిప్పుతూ తిట్టుకుంటున్నాడు. ఎస్తేరు ప్రూఫులు మూసింది. ఇక్కడ నీళ్లొచ్చాయి, అక్కడ ఆగిపోయాయి. మళ్లీ తెరిచింది. మళ్లీ అదే వరస. అప్పటిదాకా ఊళ్లో ఎవరూ గమనించని రెండో నియమం అలా బయటపడింది: సమస్య ఒకేసారి రెండు చోట్ల ఉండదు. ఎవరైనా పుస్తకం తెరిచి ఉంచినంతసేపూ అసలువాళ్లకు తెరిపి. గమనించకపోవడానికి కారణం ఉంది లెండి, చదివినవాళ్లెవరని?

కాబట్టి ఆ పుస్తకం ఎప్పటికీ మూయని ఇల్లు ఒకటి కావాలి. కుళాయి లేని చోటికి కుళాయి సమస్య పోదు. కుళాయి ఉన్న ఇంటివాళ్లు తెరిచి ఉంచనివ్వరు. ఎస్తేరు అడగని మనిషి లేడు. ప్రిన్సిపాల్ గారు ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

“నీది మహత్తరమైన కృషి తల్లీ. అచ్చవగానే పది కాపీలు కొంటాను. తెరవమని మాత్రం అడక్కు. ఇంట్లో చంటిపిల్లలున్నారు.”

ఆ సాయంత్రం ఎస్తేరు దిగాలుగా ఇంటికొస్తే, మార్తమ్మ బియ్యం ఏరుతూ విని నవ్వింది. “పిచ్చిదానా, ఎవురన్నా పక్కోళ్ల బాధ చూట్టానికి తెరుస్తారటే? ఆ రత్తయ్య బొమ్మ ఎయ్యి లోపల. మూసేది కూడా మర్చిపోయి చూసుకుంటా కూకుంటాడు.”

మార్తమ్మ వేళాకోళానికే అంది. ఎస్తేరు మర్నాడు ప్రెస్సుకు వెళ్లి ‘కడ కుళాయి’ని రత్తయ్య గారికి అంకితం ఇస్తున్నట్టు అచ్చు వేయించింది. నున్నటి కాగితం మీద రంగుల్లో ఆయన నిలువెత్తు ఫొటో, కింద ‘అపర భగీరథులు’ అన్న బిరుదు.

గూడెం భగ్గుమంది. కుర్రకారు ఆమె ఎదురుపడితే మొహం తిప్పుకున్నారు. చర్చి మెట్ల మీద పెద్దాయన ఒకాయన అందరిముందూ అడిగేశాడు. “నీళ్లు రాకుండా చేసినోడికి అంకితమా? చదివించింది ఇందుకా నిన్ను?” ఎస్తేరుకు ఏడుపొచ్చింది. అసలు ఎత్తు చెబితే ఆ నోటా ఈ నోటా రత్తయ్య చెవిన పడుతుంది. నోరు మూసుకుని ఇంటికి పోయింది.

సభలో రత్తయ్య గారు పట్టు శాలువా సవరించుకుని, “పుస్తకం ఇంకా చదవలేదు గానీ...” అని శాస్త్రప్రకారమే మొదలుపెట్టారు. ఎస్తేరు పక్కనుంచి నెమ్మదిగా అంది.

“మీ ఫొటో లోపలుందండీ. రంగుల్లో.”

చైర్మన్ గారి మాట తడబడింది. బొటనవేలు రెండుసార్లు అట్ట అంచుదాకా పోయి వెనక్కొచ్చింది. ఎంతైనా రాజకీయాల్లో నలిగిన మనిషి, నలుగురిలో తొందరపడలేదు. ఇంటికెళ్లి, తలుపేసుకుని, ఒక్కసారి చూసి మూసేద్దామని తెరిచారు.

అబ్బ, ఏం ఫొటో అది! జుట్టు కూడా నిజంగా ఉన్నదానికంటే ఒత్తుగా వచ్చింది. మేడ మీద కుళాయి రెండుసార్లు దగ్గి ఊరుకుంది. ఆయన వినిపించుకోలేదు. మర్నాడే ఆ పేజీ కనబడేలా పుస్తకానికి పటం కట్టించి హాల్లో తగిలించారు.

“ఏవండీ, తోట ఎండిపోతంది. స్నానానికి నీళ్లు లేవు. ఆ పుస్తకం మూసెయ్యండి,” అంది ఆయన భార్య సౌభాగ్యమ్మ.

“మూస్తే నేను కనపడను కదే,” అన్నారు చైర్మన్ గారు.

ఇక గూడెం సంబరం చూడాలి. కుళాయి కట్టకుండా పారింది. మార్తమ్మ మిట్టమధ్యాహ్నం చీరతోనే దాని కింద కూర్చుని, చిన్నపిల్లలా కేకలు వేస్తూ తలారా పోసుకుంది. మొహం తిప్పుకున్న కుర్రాళ్లు ఎస్తేరును భుజాలకెత్తుకున్నారు. పెద్దాయన వచ్చి, “నా మాట వెనక్కి తీసుకుంటున్నా తల్లీ,” అని తల నిమిరాడు. కొన్నాళ్లకు సౌభాగ్యమ్మే బిందె పట్టుకుని గూడేనికి వచ్చింది. గబగబా ముందుకు పోబోతే మార్తమ్మ ఆపింది.

“వంతమ్మా, వంతు. ఎనకమాల నిలబడాల.”

సౌభాగ్యమ్మ నిలబడింది. వంతు వచ్చాక మార్తమ్మే ఆమె బిందె అంచుదాకా నింపి, చుట్టకుదురు సర్ది, నెత్తికెత్తింది. ఎలా నడవాలో కూడా చెప్పింది. అంతకంటే గెలుపు ఏముంటుంది?

నీళ్ల వెంట మిగతావీ వచ్చాయి. గూడేనికి కమ్యూనిటీ హాలు వచ్చింది, హాల్లో ఫ్యాన్లు వచ్చాయి. ఎస్తేరుకు శాలువాలు పెట్టడానికి బీరువా చాలక ఇంకోటి కొన్నారు. ఆమె లేని సభ సభే కాదన్నారు.

ఎండలు మండే రోజుల్లో మంగతాయి అనే అమ్మాయి ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. కాలవ కట్ట మీది యానాదుల గుడిసెల్లో పుట్టి, అక్కడినుంచి మొదటగా కాలేజీ మెట్లెక్కిన పిల్ల. ఆ కట్ట మీదికి కరెంటు రాలేదు. పాములూ పురుగులూ చీకట్లోనే, పిల్లల చదువులూ చీకట్లోనే. ఆమె పుస్తకం పేరు ‘కట్ట మీద చీకటి’.

“మీ హాల్లోనే సభ పెట్టుకుంటానక్కా. మా బాధ మీకు తప్ప ఎవురికి తెలుస్తది?” అంది.

ఎస్తేరు కాదనలేదు. సభకు గూడెమంతా వచ్చింది. ముందు వరసలో ఫ్యాను కింద మార్తమ్మ కూర్చుంది. ఈ మధ్య ఆమెకు ఆయాసం, గాలి లేకపోతే గిలగిల్లాడిపోతుంది. ఎస్తేరు రంగు కాగితం విప్పి, పుస్తకాన్ని గుండెలకు ఆనించుకుంది. తల్లి వంక చూసింది. మైకు అందుకుంది.

“పుస్తకం ఇంకా చదవలేదు గానీ...” అంది.

గూడెం హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంది. చప్పట్లు మోగిపోయాయి. ఆ చప్పట్లలో ఎస్తేరుకు నిలువునా సిగ్గేసింది. అయినా ఫ్యాను గాలి చల్లగా తగులుతూనే ఉంది. గంటసేపు బ్రహ్మాండంగా మాట్లాడి, పుస్తకాన్ని సంచిలో పెట్టుకోబోయింది.

మంగతాయి దగ్గరకొచ్చి శాలువా కప్పుతూ, ఎవరికీ వినబడకుండా అంది.

“ఇది మీకే అంకితమక్కా. మీ ఫొటో లోపలుంది. రంగుల్లో.”

ఎస్తేరు ఆ పిల్ల మొహంలోకి చూసింది. బొటనవేలు దానంతటదే అట్ట అంచు మీదికి వచ్చింది.

“ఎన్నో పేజీ?” అని అడిగింది.

మంగతాయి పైన తిరుగుతున్న ఫ్యాను వంక ఒకసారి చూసి, పేజీ చెప్పింది.