జొన్నల ఇంట్లో బియ్యం గింజలు

భారతదేశంలో నేరమనేది ఇంకా మిగిలి ఉందంటే దానికి కారణం ఒక్కటే: డిటెక్టివ్ బొజ్జన్న కర్నూలు దాటి బయటికి పోకపోవడం. ఈ మాట అన్నది ఎవరో కాదు, స్వయంగా బొజ్జన్నే. కాఫీకి ముందు ఒకసారి, కాఫీ తర్వాత ఒకసారి అనేవాడు. కాఫీ ఇప్పించేది నరసన్న కాబట్టి వినక తప్పేది కాదు.

కొండారెడ్డి బురుజు వెనక సందులో నరసన్నకు సైకిల్ షాపు ఉండేది. 'ఇచ్చట పంచర్లు వేయబడును' అన్న బోర్డు కింద బొజ్జన్న సుద్దముక్కతో 'ఇచ్చటనే నేరములు పరిశోధింపబడును' అని రాసుకున్నాడు. ఓర్వకల్లు దగ్గర తండ్రి వదిలిపోయిన పొలంలో రాళ్లు తప్ప ఏమీ పండవు గనుక అతనికి తీరిక ఎక్కువ. ఆ తీరికంతా రైల్వే స్టేషన్లో దొరికే అపరాధ పరిశోధన నవలలకు ధారపోశాడు. ఏప్రిల్ ఎండలో కూడా నల్లకోటు విప్పేవాడు కాదు. అంతవరకు అతను ఛేదించిన కేసు ఒక్కటే, పోయిన తన అంగీ. అది ఆ కోటు కిందనే దొరికింది.

అవి కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. ఆఫీసులు గుడారాల్లో, గుమాస్తాలు గుడారాల్లో. ఇల్లు దొరకాలంటే పూర్వజన్మ సుకృతం ఉండాలి. అలాంటి సుకృతం చేసుకున్న వీర్రాజు అనే గుమాస్తాకు నరసన్న మేనత్త ఉరుకుందమ్మ ఇంట్లో ముందుగది అద్దెకు దొరికింది. గోదావరి పక్క మనిషి. గుడారంలో ఉన్నన్నాళ్లూ ఇసుక కలిసిన అన్నం తిని, తేళ్లతో కాపురం చేసి వచ్చినవాడు. ఆ గది చూసుకునే, పురిటికి పోయిన భార్యను బిడ్డతో సహా శనివారం రైలుకు రమ్మని కబురు పెట్టాడు.

ఆ వారంలోనే ఉరుకుందమ్మ పిల్లి కూనలకు జబ్బు చేసింది.

తల్లి పిల్లి లారీ కింద పడి చచ్చిపోయింది. ఆరేళ్లు ఉరుకుందమ్మ మంచం కింద పడుకున్న పిల్లి అది. మొగుడు పోయిన ఇంట్లో ఆమెతో పాటు మేలుకొని ఉన్న ప్రాణం అదొక్కటే. అందుకని దాని మూడు కూనలకు మేకపాలు గుడ్డతో పిండి పోసి సాకింది. ఇప్పుడవి ఒళ్లంతా గీరుకుంటూ, వెంట్రుకలు రాలిపోయి, కాళ్లు పుల్లలై, పొట్టలు మాత్రం కుండలై ఉన్నాయి. అన్నిటికన్నా చిన్నది బుడిగి. అది రెండు రోజులుగా పాలు కూడా ముట్టలేదు. ఉరుకుందమ్మ వేపాకు నూరి పూసింది, పసుపు పెట్టింది, దిష్టి తీసింది. పశువుల ఆసుపత్రి మాట ఎవరికీ తోచలేదు. అది ఎద్దులకు, బర్రెలకు కట్టింది. పిల్లిని చంకన పెట్టుకుని అక్కడికి పోతే ఊరంతా నవ్వదా?

ఆసుపత్రికి బదులు బొజ్జన్న వచ్చాడు. నరసన్న పిలవలేదు, సంగతి అతని చెవిన పడిందంతే.

వచ్చీ రాగానే భూతద్దం తీసి కూనలు పడుకునే గోనెసంచి మీద బోర్లా పడ్డాడు. సంచి మీద, బుడిగి తోక కింద, తెల్లగా నాలుగైదు బియ్యం గింజలు కనిపించాయి. సంచంతా నల్లటి పొడి రాలి ఉంది. ఆ పొడిని తన తెల్ల తువ్వాల మీదికి దులిపి పరీక్షిస్తుండగా నల్లకోటు పుణ్యమా అని ముక్కు మీది చెమట బొట్టు దాని మీద పడింది. పొడి ఎర్రగా కరిగింది.

"రక్తం" అన్నాడు బొజ్జన్న గొంతు తగ్గించి. "అత్తా, మీ ఇంట్లో బియ్యం యాడుండాయి?"

"మా ఇంట్లో బియ్యమా? ఉగాదికి వండినాం. మళ్లా దసరాకే. దినామూ జొన్నరొట్టె, సంగటే గదప్పా."

"అయితే ఈ గింజలు యాడివి?"

సరిగ్గా అప్పుడే ముందుగదిలో గంజి పొంగిన వాసన వచ్చింది. అందరి తలలూ అటు తిరిగాయి. ఆ ఇంట్లోనే కాదు, ఆ సందు మొత్తంలో రోజూ బియ్యం వండుకునే మనిషి వీర్రాజు ఒక్కడే.

ఆ తర్వాత బొజ్జన్న చెప్పింది వింటే రాతిగుండె కూడా వణికేది. విషం పట్టించిన బియ్యం రోజుకు కొన్ని గింజలు చొప్పున కూనలకు పెడుతున్నారని, ఇది నిదానంగా చంపే పద్ధతి అని, నల్లపొడి ఆ విషానికి తోడు మందని తేల్చాడు. కారణం కూడా దొరికింది. పోయిన వారం ఒక కూన వీర్రాజు పెరుగు గిన్నెలో మూతి పెట్టిందట. పగబట్టడానికి పెరుగు చాలదా?

వీర్రాజు గరిటె చేత్తో పట్టుకునే బయటికి వచ్చాడు. "నాకు మంచి బియ్యం దొరకడమే గగనంగా ఉందండీ. ఉన్న కాసిన్నీ పిల్లులకి జల్లుకుంటానా, మీరే చెప్పండి" అన్నాడు. నరసన్నకు ఆ మాట సబబుగానే తోచింది. కానీ ఉరుకుందమ్మ ఒళ్లో బుడిగి కళ్లు తెరవలేక తెరవలేక చూస్తోంది. ఆమె చెడ్డ మనిషి కాదు. దుఃఖంలో ఉన్న మనిషికి చేతికి అందిన వాడే శత్రువు.

"బుడిగికి ఏమన్నా అయ్యిందంటే, శనివారం లోపల గది ఖాళీ చెయ్యాల నువ్వు" అంది.

వీర్రాజు శనివారానికి ఎన్ని రోజులో లెక్కపెట్టుకున్నాడు. పచ్చి బాలింతను, పసిబిడ్డను తీసుకుని ఈ ఎండల్లో మళ్లీ ఏ గుడారంలో దూరాలి? ఆ కూన ప్రాణం నిలిస్తేనే అతనికి గది నిలుస్తుంది. నరసన్న ఆ సాయంత్రం పంచరు వేస్తూ లేని చోట రంధ్రం వెతికాడు, మనసంతా అక్కడే ఉండి.

బొజ్జన్న మాత్రం మహా ఉత్సాహంగా ఉన్నాడు. సాక్ష్యంగా గింజలను అగ్గిపెట్టెలో వేసి జేబులో పెట్టుకున్నాడు. కాళ్లు మాత్రం మడమల దాకా తెగ గీరుకుంటున్నాడు. శత్రువులు తన మీద దూలగొండి పొడి ప్రయోగించారని, ఇదే కేసు ముదిరిందనడానికి నిదర్శనమని నరసన్నకు వివరించాడు.

మరునాడు ఉదయం వీర్రాజును వెంబడించే కార్యక్రమం మొదలైంది. బొజ్జన్న మామిడిపండ్లు అమ్మేవాడి వేషం వేశాడు. వేషం అంటే తలకు రుమాలు, చేతిలో వరిగడ్డి పరిచిన బుట్ట, బుట్టలో బనగానపల్లె పండ్లు. నల్లకోటు మాత్రం విప్పలేదు. బుట్టను ఉరుకుందమ్మ అరుగు మీద పెట్టి రుమాలు చుట్టుకుంటుండగా వీర్రాజు ఆఫీసుకు బయల్దేరాడు. బొజ్జన్న బుట్ట నెత్తికెత్తుకుని వెనకాలే ఉరికాడు. ఏం చేసుకుని వస్తాడోనన్న భయంతో నరసన్న షాపు మూసి సైకిలెక్కాడు.

మామిడిపండ్లు అమ్మేవాడికి మనుషులు అడ్డం పడతారన్న సంగతి ఏ నవల్లోనూ రాయలేదు. అడుగడుక్కీ ఎవరో ఒకరు డజను ఎంతని అడిగారు. "ఇవి అమ్మేటివి కాదు" అంటే తిట్టారు. అంతలో నెత్తి మీద నుంచి సన్నగా మూలుగు వినిపించింది. ఎవరో వెనక నుంచి సంకేతాలు ఇస్తున్నారని బొజ్జన్న నడక పెంచాడు.

పశువుల ఆసుపత్రి ముందు ఒక బర్రె వరసలో నిలబడి ఉంది. దానికి జబ్బు నోటికి కాదు. బుట్ట పక్కనుంచి పోతుంటే మెడ చాచి గడ్డి అందుకుంది. బొజ్జన్న వెనక్కి లాగాడు. బర్రె ముందుకు లాగింది. ఇద్దరిలో బర్రెకే పట్టుదల ఎక్కువ. బొజ్జన్న వెనక్కి వెనక్కి నడిచి ఆసుపత్రి వాకిట్లో వెల్లకిలా పడ్డాడు. పండ్లు దొర్లాయి. వాటి నడుమ నుంచి, పొద్దున అరుగు మీద బుట్ట ఉన్నప్పుడు చల్లగా ఉందని గడ్డిలో దూరి పడుకున్న బుడిగి బయటికొచ్చి కూర్చుంది.

"ఎవరిదప్పా ఈ కూన?" అంటూ డాక్టరు ఏసేపు బయటికి వచ్చాడు. కడప మనిషి, మాట మెత్తన. అందరూ నవ్వుతున్నా ఆయన నవ్వలేదు. బుడిగిని అరచేతిలోకి తీసుకుని, పెదవి ఎత్తి తెల్లగా పాలిపోయిన చిగుళ్లు చూశాడు.

బొజ్జన్న బట్టలకు అంటిన పేడ దులుపుకుని ఇదే అదనుగా అగ్గిపెట్టె తీశాడు. "డాక్టరుగారూ, ఇది విషప్రయోగం. ఈ బియ్యంలో ఏ విషముండాదో మీరు తేల్చాల."

డాక్టరు పెట్టె తెరిచి చూసి, ఒక గింజను సూదిమొనతో కదిపి, అప్పుడు నవ్వాడు. "ఇవి బియ్యం కాదు నాయనా. బద్దె పురుగు ముక్కలు. కూన కడుపులో నాడా మాదిరి పెరిగి, తెగి, తోక కింద నుంచి ఇట్ల రాలతాయి. ఎండితే అచ్చం బియ్యపు గింజే. నేను వచ్చినప్పటి నుంచి ఇవి దాచి తెమ్మని అందరికీ చెప్తాండా. తెచ్చినోడివి నువ్వొక్కడివే."

బొజ్జన్నకు అందులో మెప్పు మాత్రమే వినిపించింది. "మరి రక్తం?"

"అదీ నిజమే. ఎగిరే పేలు దీని రక్తం తాగి విసర్జించిన పొడి అది. తడి తగిలితే ఎర్రగా అవుతాది. నీ మడమలు గీరుకుంటాండావు చూడు, అవీ వాటి కాట్లే."

దురద పుట్టి కూన తనను తాను కొరుక్కుంటుందని, అప్పుడు పేను కడుపులోకి పోతుందని, దాంతో పాటు బద్దె పురుగు విత్తనమూ పోతుందని డాక్టరు నిదానంగా చెప్పాడు. పురుగుకు మందిచ్చి పేలను వదిలేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. రెండూ ఒకేసారి చూసుకోవాలి. కుండంత పొట్టకు ఏలికపాములు కూడా కారణమేనట. బుడిగిని మందులు తూచే తక్కెడలో కూర్చోబెట్టి బరువు చూసి, ఆ బరువుకు తగ్గట్టు మందు కట్టించి, కొంత అక్కడే నోట్లో పోశాడు. మిగతా రెండింటినీ కూడా తెచ్చి తూచుకోవాల్సిందేనని, అందాజాగా పోస్తే మందే చంపుతుందని చెప్పాడు. పేలకు పూలతో చేసిన ఒక పొడి ఇచ్చి, పేల దువ్వెనతో దువ్వమని, గోనెసంచులు సలసల కాగే నీళ్లలో వేయమని చెప్పి, చివరగా అడిగాడు.

"ఇంట్లో వీటికి ఇంకేమీ పుయ్యలేదు గదా?"

సైకిల్ దిగి పక్కనే నిలబడ్డ నరసన్నకు అప్పుడు గుర్తొచ్చింది. మలేరియావాళ్లు గోడలకు కొట్టే మందుపొడి నిన్న అత్త అడిగి మూట కట్టి తెచ్చుకుంది. పేలకు అదైతే బాగా పనిచేస్తుందని ఎవరో చెప్పారట. ఈ పొద్దు కూనలకు పూస్తానంది.

"పిల్లి ఒళ్లు నాకి కడుక్కుంటాది. ఆ పొడి నాకిందంటే దక్కదు. ఉరుకు నాయనా" అన్నాడు డాక్టరు.

ఎప్పుడూ అంత వేగంగా సైకిల్ తొక్కలేదు నరసన్న. వెనక క్యారియర్ మీద బొజ్జన్న, బొజ్జన్న ఒళ్లో బుట్ట, బుట్టలో బుడిగి. ఊరందరి టైర్లకు పంచర్లు వేసే మనిషి సైకిల్, వాకిలి ముందర ముల్లు గుచ్చుకుని బుస్సుమంది. నరసన్న బుట్టను అందుకున్నాడు. బొజ్జన్న దిగి ఉరికాడు.

అరుగు మీద పళ్లెం నిండా పొడి. ఉరుకుందమ్మ ఒక కూనను ఒళ్లో పెట్టుకుని అప్పుడే చెయ్యి చాస్తోంది. బొజ్జన్న "ఆగండి, చట్టం పేరుతో" అని గంభీరంగా చెయ్యెత్తబోయి గడప తట్టుకుని, నేరుగా వెళ్లి పళ్లెం మీద పడ్డాడు. పొడి మొత్తం నల్లకోటుకు పట్టింది. కూనల మీద ఒక్క రేణువు పడలేదు.

డాక్టరు మాటలు నరసన్న చెప్పాడు. ఉరుకుందమ్మ ఒళ్లోని కూనను, తన చేతిని మార్చి మార్చి చూసుకుంది. "నా చేత్తోనే చంపుకుంటాంటినే" అని ఏడ్చింది. తర్వాత లేచి మిగతా రెండు కూనలను తీసుకుని, ఎవరు నవ్వినా సరేనని పశువుల ఆసుపత్రికి పోయింది. బొజ్జన్నను బావి దగ్గర కూర్చోబెట్టి నరసన్న బొక్కెనలకు బొక్కెనలు గుమ్మరించాడు. కోటు విప్పిన బొజ్జన్నను చూడటం అతనికి అదే మొదలు.

శనివారం రైలుకు వీర్రాజు భార్య బిడ్డతో దిగింది. బుడిగి అప్పటికి పాలు తాగుతోంది, సంచి చివర కొరుకుతోంది. అనుమానించినందుకు ప్రాయశ్చిత్తంగా ఉరుకుందమ్మ ఆ రోజు పండగ కాకపోయినా బియ్యం తెప్పించి, తెల్లగా మల్లెపూల లాంటి అన్నం వండి, అందరినీ పిలిచి విస్తర్లు వేసింది.

బొజ్జన్న ఉతికి ఆరేసిన కోటులో వచ్చి కూర్చుని, మొదటి రోజే అసలు దోషం గింజల్లోనే ఉందని తాను చెప్పలేదా అని అడిగాడు. చెప్పిన మాట నిజమే కాబట్టి ఎవరూ కాదనలేకపోయారు.

"ఆ గింజలు ఎట్లుండాయి తెలుసునా? సూదితో కదిపితే..." అని అతను విస్తట్లో ఒక మెతుకును వేలితో కదిపి చూపించాడు.

వరసలో చేతులన్నీ ఆగిపోయాయి. ఏమీ తెలియని వీర్రాజు భార్య, ఇంత మంచి అన్నం పెట్టుకుని ఎవరూ తినరేమని అడిగింది. నరసన్న నీళ్లు తాగాడు. ఉరుకుందమ్మ తన విస్తరిని మెల్లగా పక్కకు జరిపింది. గోదావరి గట్టున పుట్టి, అన్నం లేని పూటే ఎరగని వీర్రాజు విస్తరి వైపు చూసి, చూపు తిప్పుకుని, చాలా మర్యాదగా అడిగాడు.

"పిన్నిగారూ, ఏమీ అనుకోకండి. రాత్రి మిగిలిన సంగటి ఏమైనా ఉందాండీ?"

అతను అలా అడుగుతుండగానే బుడిగి తడబడే కాళ్లతో వచ్చి అతని విస్తట్లో మూతి పెట్టింది. ఎవరూ దాన్ని తరమలేదు. ఆ ఇంట్లో ఆ పూట బియ్యం అన్నం తిన్న ప్రాణి అదొక్కటే, కడుపు నిండా తిన్నది.