కడుపులో అసిస్టెంటు డాక్టరు

ఎండోస్కోపీకి సాయం చేసిన డాక్టరు ఫొటోలో కనిపిస్తేనే ఫీజు ఇస్తామని బీమా కంపెనీ రాసినందువల్ల, సోమవారం ఉదయం అసిస్టెంటు డాక్టర్ ఉదయశ్రీ పేషెంటు కడుపులోకి దిగింది. ఫొటోలు తీసేది కడుపు లోపలే కనుక వేరే దారి లేదు.

పేషెంటు వీరకుమారి విజయవాడ సిటీ బస్సులో కండక్టరు. మూడు నెలలుగా అన్నం తింటే కడుపులో మంట. పెద్ద డాక్టరు గొట్టం దించి నాలుగు ఫొటోలు తీశారు. నాలుగింటిలోనూ ఉదయశ్రీ మెడలోని గుర్తింపు కార్డు కెమెరాకు చూపిస్తూ స్పష్టంగా ఉంది. ఆవిడ వెనక పుండు ఉందో లేదో మాత్రం కనపడలేదు.

బిల్లింగ్ కౌంటరు దగ్గర ఆ ఫొటోలు చూసి కుమారి భర్త ధర్మారావు ఉదయశ్రీ బొమ్మ మీద వేలు పెట్టాడు.

"ఈవిడ ఎప్పుడు బయటికొస్తారండి?"

"క్లెయిము పాసయ్యాక సార్," అంది కౌంటర్లోని అమ్మాయి. "ఈలోగా వచ్చేస్తే సేవ మధ్యలో ఆపేసినట్టు లెక్క."

"అప్పటిదాకా మా ఆవిడ కడుపులోనేనా?"

"ఇంటికి తీసుకెళ్లొచ్చు. కారం కాస్త తగ్గించండి, డాక్టరుగారికి పడదు."

తీసుకెళ్లాడు. కుమారి మంటతోనే డ్యూటీకి పోయేది. ఉదయశ్రీ వాళ్లమ్మ రోజూ ఫోన్ చేసి, ఫోను కుమారి పొట్టకు ఆనించమని, కూతురు తిన్నదో లేదో అడిగేది. రెండు రోజులు ధర్మారావు ఆ పొట్టవైపు చూడలేదు. మూడోరోజు, "డాక్టరుగారికి మజ్జిగ సరిపోయిందా?" అని తనే అడిగాడు.

పదకొండో రోజు క్లెయిము తిరస్కరించారు. పాలసీ తీసుకోకముందు నుంచే కడుపులో డాక్టరు ఉన్నట్టు కంపెనీకి అనుమానం. అలాగైతే అది పాత జబ్బు, దానికి డబ్బివ్వరు. కాదని తేలాలంటే మళ్లీ ఎండోస్కోపీ చేయించాలి.

"అప్పుడు ఈవిడని తీసేస్తారా?" అని ధర్మారావు కౌంటర్లో అడిగాడు.

"తీయడం వేరే ప్రొసీజరు సార్. ఇది చూడ్డానికే."

"మరి దీనికి సాయం?"

"డాక్టర్ విశ్వతేజ గారు."

ఆయన పక్కనే నిలబడి బూట్లు విప్పుకుంటున్నారు. మనిషి ఆరడుగులు.

"ఇంతమంది పడతారా అండీ?" అంది కుమారి, మెల్లగా.

"అందుకే ముందే సంతకం తీసుకుంటాం మేడమ్."

ధర్మారావు పెన్ను పట్టుకున్నాడు. కాగితం మొదటి నుంచి మళ్లీ చదవసాగాడు. అప్పుడు భార్య పొట్టలోంచి ఉదయశ్రీ గొంతు వినిపించింది.

"పెట్టేయండి సార్. నేను కొంచెం పక్కకి జరుగుతాను."

అతను సంతకం పెట్టాడు. కుమారి నోరు తెరిచింది.