బంగారం జత కట్టగోరుతున్నది

మధ్యాహ్నం పన్నెండింటి లోపు నవల ఆఖరి అధ్యాయం ప్రచురణకర్తకు పంపెయ్యాలి, ఆపైన కడుపునిండా తిని ముసుగు తన్నాలి. ఆ ఉదయం అనువాదకుడు వేసుకున్న పథకం ఇంతే. ఆయనకు పుట్టుకతో చూపు లేదు. రాతంతా ఒళ్లో పట్టే ఒక బ్రెయిలు యంత్రం మీదే. మీటలు నొక్కితే అది రాసుకుంటుంది, అంచున ఉన్న పట్టీ మీద చుక్కలు లేపి వేళ్లకు చదివి పెడుతుంది. దాని ముద్దుపేరు బంగారం. యంత్రం లోపల కూడా ఆ పేరే ఎక్కించాడు.

ఇన్నేళ్లుగా ఆయన తెలుగు చేసినవన్నీ మిక్సీల, మోటార్ల వాడకం పుస్తకాలు. బంగారం చెప్పే మాటలకూ, అది ఫోన్లకు పంపే మాటలకూ తెలుగు చేసింది కూడా ఆయనే. వాటన్నిటి మీదా కంపెనీల పేర్లుంటాయి గానీ ఆయన పేరు ఎక్కడా ఉండదు. ఇది తొలి నవల. అట్ట మీద పేరు పడుతుందని తెలిసినప్పటి నుంచీ కాళ్లు నేల మీద ఆనడం లేదు. అలాగని రాత పరుగెత్తిందీ లేదు, ఇచ్చిన గడువులన్నీ దాటించేశాడు. నిన్న ప్రచురణకర్త ఫోన్ చేసి, "రేపు పన్నెండు దాటితే మిగతాది మెరుపుగారికి ఇచ్చేస్తానండీ. అట్ట మీద ఇద్దరి పేర్లూ వేస్తాను," అన్నాడు. మెరుపుగారంటే ఎంత లావు పుస్తకాన్నయినా వారంలో తెలుగు చేసి పారేసే పెద్దమనిషి. ఆయన పక్కన తన పేరు అనుకుంటేనే అనువాదకుడికి ఒళ్లు మండిపోయింది.

తీరా పంపుదామని కూర్చుంటే ఇంట్లో ఇంటర్నెట్ లేదు. వీధిలో గొయ్యి తవ్వేవాళ్లు తీగ తెంపేశారు.

"ఫోన్‌లోంచి కలుపుకుంటే సరిపోతుంది. ఉండండి, ఈ పేపర్లు దిద్దేసి వస్తాను," అంది పక్కగదిలోంచి ఆయన భార్య. ఆవిడ స్కూలు టీచరు.

"నువ్వెందుకు? అందులో ప్రతి మాటా నేను పెట్టిందే. నాకు తెలీదా?"

బంగారం చుట్టుపక్కల వెతికి ఒక ఫోన్ దొరికిందని చెప్పింది. తన ఫోన్ కంపెనీయే, తన ఫోన్ రకమే. నొక్కాడు. తన ఫోన్‌లో అసలు బ్లూటూత్ తెరవనేలేదని గానీ, పై ఇంటి ఆడిటరుగారి దగ్గర కూడా అచ్చంగా అలాంటి ఫోనే ఉందని గానీ ఆయనకు తట్టలేదు. ఆడిటరుగారు కొత్త ఇయర్‌ఫోన్లు కలుపుకుందామని బ్లూటూత్ తెరిచి, ఫోన్‌ను మంచం మీద పడేసి స్నానానికి వెళ్లారు. ఆడిటరుగారి భార్య పక్కనే కూర్చుని బట్టలు మడతపెడుతోంది. ఫోన్ టింగుమంది.

"బంగారం మీతో జత కట్టగోరుతున్నది. సమ్మతమేనా?"

ఆవిడ చేతిలో చొక్కా చేతిలోనే ఉండిపోయింది. వద్దని నొక్కింది. మళ్లీ వచ్చింది. మళ్లీ వద్దంది. మళ్లీ వచ్చింది. "ఎంత తెగింపు దీనికి," అనుకుని, ఎవరో తేల్చుకుందామని ఈసారి సమ్మతమేనని నొక్కేసింది.

కింద బంగారం లేఖనానుసంధానమా, జాలానుసంధానమా అని అడిగింది. వాడుక మాటలంటే చిన్నచూపుగా ఉన్న రోజుల్లో అనువాదకుడు ఏరికోరి పెట్టిన పేర్లవి. మొదటిదాన్ని నొక్కితే యంత్రం మీద కొట్టిన అక్షరాలు ఫోన్‌లో పడతాయి. ఇంటర్నెట్ కావాలంటే నొక్కాల్సింది రెండోది. పేర్లు పెట్టిన మనిషే ఇప్పుడు తెల్లమొహం వేశాడు. రాయబోయేది లేఖే కదా అని మొదటిది నొక్కాడు. వేళ్ల కింద ఖాళీ వరస తగిలింది. ఉత్తరం పేజీ తెరుచుకుందనుకుని టకటకా కొట్టడం మొదలుపెట్టాడు.

పైన ఆవిడ బంగారం జాడ కోసం మొగుడి మెసేజీలు తెరిచింది. మొట్టమొదట ఉన్నది అపార్ట్‌మెంటు గ్రూపు. నీళ్ల మోటారు గొడవ తప్ప అందులో ఇంకో ఊసు ఉండదు. అక్కడ వేలు తగిలి రాసే చోటు తెరుచుకుంది. ఆవిడ చూస్తుండగానే అక్షరాలు వాటంతటవే పడ్డాయి, కింద అనువాదకుడు పంపే మీట నొక్కగానే ఉత్తరమై గ్రూపులోకి వెళ్లిపోయాయి కూడా.

"ఏవండీ, విన్నారా?" అంది పక్కగదిలో టీచరు, తన ఫోన్ చూసుకుంటూ. "పై ఆడిటరుగారు ఎవరికో ప్రేమలేఖ రాసుకుని పొరపాటున గ్రూపులో పెట్టేశారు."

"చదువు, చదువు." ఇలాంటివాటికి అనువాదకుడికి ఎప్పుడూ తీరిక ఉంటుంది.

"'నిన్న మీరన్న మాటలకు రాత్రంతా కంటిమీద కునుకు లేదు.'"

"పర్లేదే. లెక్కలవాడైనా వాక్యం తెలిసినవాడే."

"'ఇన్నాళ్లూ ఊరించినందుకు మన్నించండి. మీరు కోరుకున్నది ఇవాళే మీ చేతుల్లో పెడతాను. మన ఇద్దరి మధ్యకు మూడో మనిషిని మాత్రం తీసుకురాకండి. నేను పంచుకోలేను.'"

అనువాదకుడు యంత్రం మీంచి చేతులు తీసేశాడు.

"అది నాది," అన్నాడు.

టీచరు ఎర్ర కలానికి మూతపెట్టి ఈ గదిలోకి వచ్చింది. "ఎవరికి?"

"ప్రచురణకర్తకే, నన్ను నమ్ము."

అంతలో తలుపు దబదబా మోగింది. ఎదురుగా పై ఇంటావిడ, చేతిలో మొగుడి ఫోన్, కళ్లనిండా నీళ్లు. "వదినగారూ, ఈ అపార్ట్‌మెంట్లో బంగారం ఎవరో మీకేమైనా తెలుసా?"

"తెలుసండీ. మా ఆయన ఒళ్లో ఉంది."

ఆవిడ లోపలికి తొంగిచూసింది. జరిగిందంతా చెప్పి, యంత్రం మీద ఆవిడ వేలు ఆనించి చుక్కలు లేవడం చూపిస్తేగానీ నమ్మలేదు. నమ్మాక కళ్లు తుడుచుకుని హాయిగా నవ్వింది. గ్రూపు వైపు చూసేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. ఆడిటరుగారికి అప్పటికే కొందరు ధైర్యం చెప్పారు, ఒకాయన మంచి వకీలు నంబరు కూడా పెట్టాడు.

"ముందు ఇంటర్నెట్ ఇప్పించమ్మా, పన్నెండు కావస్తోంది," అన్నాడు అనువాదకుడు. బంగారం ఒకరితో జత కట్టాక ఇంకొకరి మొహం చూడదు. విడిపోవాలన్నా, ఇంటర్నెట్ తీసుకోవాలన్నా ఆవిడ చేతిలోని ఫోన్‌లోనే నొక్కాలి.

ఆవిడ ఫోన్‌ను గుండెలకు హత్తుకుంది. "ఇస్తాను అన్నయ్యగారూ. ముందు ఆ ఉత్తరం మీదేనని గ్రూపులో మీ పేరు పెట్టండి. రేపట్నుంచి మా ఆయన అదే లిఫ్టులో ఎక్కి దిగాలి."

"ఎవరికి రాశానో వివరంగా చెప్పనివ్వు మరి."

"వివరాలకు టైము లేదండీ," అంది భార్య.

అనువాదకుడు పళ్లు బిగించి కొట్టాడు. "పై ఉత్తరం రాసింది ఆడిటరుగారు కాదు, నేను." దాని కింద ఇంటిపేరుతో సహా తన పేరు పెట్టాడు. వివరణ మొదలుపెట్టబోయేసరికి ఆవిడ చాలనేసి ఇంటర్నెట్ తెరిచింది. అధ్యాయం గడువుకు ముందే వెళ్లిపోయింది. ఆయనకు ఏడుపొచ్చినంత సంతోషం వేసింది.

జవాబు ఎంతోసేపు పట్టలేదు. వేళ్ల కింద చుక్కలు ఒక్కో వరసే లేచాయి. "అధ్యాయం అందింది, చాలా బాగుంది. మీ సంగతి తెలుసు గనక, ఎందుకైనా మంచిదని అట్ట నిన్న సాయంత్రమే ఇద్దరి పేర్లతో అచ్చుకు ఇచ్చేశాం. ఏమీ అనుకోకండి."

ఆయన మళ్లీ మొదటి నుంచి చదివాడు. అక్షరం మారలేదు. భార్య వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

ఆయన ఒక్కడి పేరుతో ఇంతవరకూ వెలువడిన రచన ఆ గ్రూపులో ఉన్నదొక్కటే, దానికి మాత్రం పాఠకుల స్పందన ఇంకా వస్తూనే ఉంది.