కళ్ళు మూసుకుని పట్టిన రోగం

చెవి విషయంలో మా బళ్ళ మెకానిక్‌ను మించినవాడు ఈ చుట్టుపక్కల పుట్టలేదు, పుట్టబోడు. బండి మలుపు తిరగకముందే దాని రోగం చెప్పేయగలడు. అతని పద్ధతి ఒక్కటే: కళ్ళు గట్టిగా మూసుకుని వినడం. తెరిస్తే చెవుల్లో ఉండాల్సిన బుద్ధి కళ్ళలోంచి కారిపోతుందట. బండి యజమాని చెప్పేది మాత్రం వినడు. రోగిని అడిగి మందిచ్చేవాడు వైద్యుడే కాదంటాడు.

ఒక ఉదయం పాల డిపో మేనేజరు స్కూటరు తెచ్చాడు. బ్రేకు వదులైందని, మధ్యాహ్నానికి బిగించి ఇస్తే ఇకమీదట డిపో బళ్ళన్నీ ఇక్కడికే పంపుతానని చెప్పాడు. ఆ బళ్ళొస్తే మెకానిక్ ఇంటి పొయ్యిలో ఇక పిల్లి పడుకోదు. అతను "బళ్ళన్నీ" అన్న ముక్క ఒక్కటే విని కళ్ళు మూసుకున్నాడు.

కిర్రు... టక్.

"జబ్బు ఇంజనులో ఉంది సార్. మీరు నిశ్చింతగా వెళ్ళిరండి," అన్నాడు.

ఇంజను ఆపి, విప్పి గోనెసంచి మీద పరిచాడు. కళ్ళు మూసుకున్నాడు. కిర్రు... టక్. చక్రాలు ఊడదీశాడు. మళ్ళీ అదే. ముక్కలైపోయిన బండి మూలుగుతుంటే ఎవరికైనా అనుమానం రావాలి. అతనికీ వచ్చింది, గోడ ఫ్యాను మీద. అదీ కిందికి దిగింది. చివరికి పక్క గదిలో భార్య కుట్టుమిషను దగ్గరికి స్పానరు పట్టుకుని వెళ్ళాడు.

"మీ బండికి రోగమొస్తే నా మిషను కడుపు కొయ్యడమేంటండీ?" అంది ఆమె, సగం కుట్టిన చొక్కా చేతిలో పట్టుకుని.

"అంటురోగం అయ్యుంటుందే."

కాస్త పైకి చూడమని ఆమె చెప్పబోయింది. అతను కళ్ళు మూసుకునే "ఉష్" అన్నాడు.

మధ్యాహ్నం మేనేజరు వచ్చాడు. షెడ్డంతా కలయజూసి, "నా స్కూటరేదయ్యా?" అని అడిగాడు.

"మీరు దాని మధ్యలోనే నిలబడ్డారు సార్."

"నేను చెప్పింది బ్రేకు కదా!"

కిర్రు... టక్. మెకానిక్ కళ్ళు మళ్ళీ మూతపడబోయాయి. భార్య అతని గడ్డం పట్టుకుని పైకెత్తింది. "ఈ ఒక్కసారికి కళ్ళు తెరవండి," అంది.

దూలం మీద ఒక గోరువంక. గొంతు ఉబ్బించి కిర్రు టక్ అంది. ఆ పైన మెకానిక్ పొద్దుటి దగ్గు దగ్గింది, చివర్లో గొంతు సవరింపుతో సహా. మొదట్లో నేనన్న మాట సంతోషంగా వెనక్కి తీసుకుంటున్నాను: ఈ చుట్టుపక్కల అసలైన చెవి ఆ పిట్టది.

"ఎండాకాలం నుంచి ఒంటరిగా ఇక్కడే ఉంటోంది సార్," అంది ఆమె. "గుంపులో బతికే పిట్ట. పక్కవాళ్ళ గొంతు నేర్చుకుంటే తననీ కలుపుకుంటారని దాని ఆశ. కొత్త కోడలికి అత్తింటి యాస అంటినట్టు. దీనికి దొరికిన చుట్టాలు ఈయనా, ఈయన స్పానర్లూ."

మెకానిక్ తలొంచుకున్నాడు. డిపో బళ్ళు చేతిదాకా వచ్చి జారిపోయాయనే అనుకున్నాడు. మేనేజరు మాత్రం పొట్ట పట్టుకుని టైరు మీద కూలబడి నవ్వాడు.

"బళ్ళు ఇక్కడికే పంపుతానమ్మా. కానీ ముందు నువ్వు చూడాలి. ఆ తర్వాతే ఆయన వినాలి."

సాయంత్రానికల్లా బ్రేకు బిగిసింది, స్కూటరు, ఫ్యాను రెండూ ఎప్పటిలా నిలిచాయి. గోనెసంచి మీద ఒక్క బోల్టయినా మిగల్లేదు. ఇంతసేపూ చెప్పినదాంట్లో నేను కల్పించింది ఆ బోల్టు మాట ఒక్కటే.