అయిదు నెలల ఇరవై తొమ్మిది రోజులు

వాసంతి కొడుకు అయిదేళ్లుగా అయిదు నెలల ఇరవై తొమ్మిది రోజుల వయసులోనే ఉన్నాడు. అన్నం ఎప్పుడు మొదలుపెట్టాలో తేలేవరకూ పిల్లల వయసు ముందుకు కదలకూడదని ఆ ఊళ్లో నియమం. నియమం పాతదే కాబట్టి దాని గురించి ఎవరూ ప్రత్యేకంగా మాట్లాడుకోరు. కుళాయి రోజు విడిచి రోజు వచ్చినట్టే, తేలని పిల్లలు పెరగరు.

పిల్లాడు ఆరోగ్యంగానే ఉన్నాడు. తల నిలుపుతాడు, బోర్లాపడతాడు, కాలి బొటనవేలు నోట్లో పెట్టుకుంటాడు. ప్రతి ఉదయం అదే మొదటిసారి అయినట్టు బోర్లాపడి, తల ఎత్తి, ఇల్లంతా ఆశ్చర్యంగా చూస్తాడు. టీకాల కార్డులో తర్వాతి గడి ఖాళీగా ఉంది. ఆరోగ్య కేంద్రంలో నర్సు అతన్ని చూసి "బాగున్నావా నాన్నా, ఇంకా తేలలేదా" అని పలకరించి పంపించేస్తుంది.

వచ్చిన చిక్కు మామూలుదే. వాసంతి అత్తగారు అనసూయమ్మ ఆరో నెలలో అన్నప్రాశన చెయ్యాలంది. మగపిల్లాడికి సరి నెల, ఆడపిల్లకి బేసి నెల. అయిదు నెలలు నిండగానే ఆరో నెల వచ్చినట్టు. డాక్టరుగారు మాత్రం ఆరు నెలలు నిండాకే పాలు కాకుండా మరేదైనా పెట్టాలన్నారు. ఆరు నిండితే ఏడో నెల వస్తుంది, అది బేసి. పోనీ ఎనిమిదో నెలదాకా ఆగుదామంటే, అది మరీ ఆలస్యమని డాక్టరుగారు కోప్పడ్డారు. వాసంతి భర్త శేషగిరి ఇద్దరి మాటలూ సబబుగానే ఉన్నాయన్నాడు. అతను ఏ విషయంలోనైనా అలాగే అంటాడు. ఇలా అనుకుంటూ ఉండగానే ఆరో నెల ఆఖరి రోజు వచ్చింది, పిల్లాడి వయసు అక్కడ ఆగింది. వారం తిరక్కుండా తొలిముద్ద కార్యాలయం నుంచి ఫైలు నంబరు వచ్చింది.

ఆ కార్యాలయం పాత కూరగాయల మార్కెట్టు మేడ మీద ఉంటుంది. వాసంతి ప్రతి గురువారం పిల్లాణ్ణి ఎత్తుకుని మెట్లెక్కుతుంది. అక్కడి గుమస్తా గవర్రాజు మంచివాడు. మొదటి రోజే ఆమెకి పద్ధతి విడమరిచి చెప్పాడు. పిల్లాడికి ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో తల్లి వినేలా ఎవరు అభిప్రాయం చెప్పినా వాళ్లు ఫైలులో అభిప్రాయదారులు అవుతారు. అభిప్రాయదారులందరూ ఒక్కమాట మీదకి వచ్చి సంతకాలు చేశాకే తొలిముద్దకి అనుమతి వస్తుంది. వయసు కూడా ఆ రోజు నుంచే మళ్లీ మొదలవుతుంది.

"అంటే ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే సరిపోతుందాండి?" అని అడిగింది వాసంతి.

"మీరు మాట్లాడక్కర్లేదమ్మా. వాళ్లే మాట్లాడతారు," అన్నాడు గవర్రాజు.

అలాగే జరిగింది. బస్సులో పక్క సీటావిడ "ఎన్నో నెలమ్మా? ఏం పెడుతున్నావ్?" అని అడుగుతుంది. ప్రశ్న వరకూ ఇబ్బంది లేదు. "ఇంకా పాలేనా? మావాళ్లకి నాలుగో నెలకే ఇడ్లీ పెట్టేశాం" అందంటే మాత్రం ఆవిడ పేరూ చిరునామా రాసుకోవాలి. చాలామంది సంతోషంగా ఇస్తారు. తాము చెప్పిన మాట ఎక్కడో కాగితం మీద ఉంటుందంటే కాదనేవాళ్లు తక్కువ. కొంతమంది అడక్కుండానే ఫోను నంబరు కూడా ఇచ్చి, ఫైలు ఎంతవరకూ వచ్చిందో కనుక్కుంటూ ఉంటారు. వాసంతి పిల్లాడి మొహం మీద కొంగు కప్పి నడవడం నేర్చుకుంది. కొంగు కింద పిల్లలున్నారంటే మనుషులకి ఆసక్తి మరింత పెరుగుతుందని తర్వాత తెలిసింది.

మూడో ఏడు తిరిగేసరికి ఫైలులో యాభై మందికి పైగా ఉన్నారు. అందులో ఒకాయన గాజుల వ్యాపారి. ఒక మధ్యాహ్నం, చలికాలం పోయాక అరటిపండు పెట్టమని చెప్పాడు. తర్వాత కాలం చేశాడు. ఆస్తిలాగే అభిప్రాయం కూడా వారసులకి సంక్రమిస్తుంది కాబట్టి కొడుకులిద్దరూ దాన్ని పంచుకున్నారు. పెద్దవాడు అరటిపండు ఉంచుకున్నాడు, చిన్నవాడికి చలికాలం వచ్చింది. వాళ్లిద్దరికీ మాటల్లేవు. అందుకని వాళ్ల సంతకాలకే ఎనిమిది నెలలు పట్టింది.

అనుమతి లేకుండా ఇంట్లో పెట్టేస్తే ఏం చేస్తారని వాసంతి ఒకసారి గవర్రాజుని అడిగింది.

"ఏం చెయ్యం. మాకు ఇళ్లకొచ్చి చూసే సిబ్బంది లేరు," అన్నాడతను.

నిజంగానే శిక్ష లేదు. వెనక వీధిలో కుమారి అనే ఆవిడ ఫైలు తెరవకుండా ఒక ఉదయం కొడుక్కి గుజ్జన్నం పెట్టేసింది. ఆ పిల్లాడు చక్కగా పెరిగి ఇప్పుడు ఏడో క్లాసు చదువుతున్నాడు. అయితే అతనికి జలుబు చేసినా, లెక్కల్లో మార్కులు తగ్గినా, పెద్దవాళ్లకి ఎదురు చెప్పినా, వీధి వీధంతా కుమారి వైపు చూస్తుంది. ఎవరూ ఏమీ అనరు. కుమారి వాకిట్లో ముగ్గు వేస్తున్నంతసేపూ తల ఎత్తదు. ఆ వంచిన తల చూసిన తర్వాత వాసంతి మళ్లీ ఆ ప్రశ్న అడగలేదు.

ఈలోగా ఆమెకి కూతురు పుట్టింది. పేరు మైత్రి. మైత్రికి అన్నం ఎప్పుడు పెట్టాలన్న విషయంలో ఎవరూ ఏమీ చెప్పలేదు. "దానికేముందిలే, ఎప్పుడు పెడితే అప్పుడే," అంది అనసూయమ్మ. గవర్రాజు పుస్తకాలు తిరగేసి, ఇది అభిప్రాయం కిందకి రాదన్నాడు. బస్సుల్లో కూడా, ఆడపిల్ల అని తెలిశాక మనుషులు కిటికీలోంచి బయటికి చూశారు. ఫైలు లేకపోవడం వల్ల మైత్రి వయసు ఎక్కడా ఆగలేదు. ఏడో నెలలో తనంతట తనే వాసంతి కంచంలో చెయ్యిపెట్టి పప్పన్నం తీసుకుని తినేసింది. తర్వాత అన్నగారిని దాటి ముందుకెళ్లిపోయింది. వరసలు మార్చుకోవడానికి ఒక ఫారం ఉంటుంది. శేషగిరి దాన్ని నింపి ఇచ్చాక, ఆ ఇంట్లో పిల్లాడు అధికారికంగా తమ్ముడయ్యాడు.

తన కొడుకు పెరగాలని వాసంతికి ఉండేది. ఆ కోరిక ఆమెకి ఒంట్లో నొప్పిలా తెలిసేది. వాడి చిగుళ్ల మీద వేలుపెట్టి చూసేది. లోపల పళ్లు ఉన్నాయి, రావడానికి సిద్ధంగా ఉన్నాయి, వాటికీ అనుమతి లేదు. వాడు ఏదో ఒకరోజు నిలబడి తన కొంగు పట్టుకుని లాగుతాడని ఊహించుకునేది. అయిదేళ్లలో ఆ ఊహ కూడా ఎదగకుండా ఒకేలా మిగిలింది.

ఒక గురువారం జనం పలచగా ఉన్నప్పుడు గవర్రాజు ఫైలు సర్దుతూ, "ఇంతకీ మీరేమనుకుంటున్నారమ్మా?" అన్నాడు.

"దేని గురించండి?"

"అదే, ఎప్పుడు పెట్టాలని."

ఆమె ఫైలు వైపు చూసింది. అందులో ఆమె పేరు ప్రతి పేజీలో ఉంది, దరఖాస్తుదారుగా. దరఖాస్తుదారుకి అభిప్రాయం రాసే గడి లేదు. ఆమెకి చాలా వెనకటి పగలు ఒకటి గుర్తొచ్చింది. తను అన్నం తింటుంటే, ఒళ్లో ఉన్న పిల్లాడు కంచంలోంచి నోటిదాకా వెళ్లే తన చెయ్యినే చూస్తూ, తన నోరు కదిలినప్పుడల్లా వాడూ పెదవులు కదిపాడు. అప్పుడు ఆమెకి ఏదో తెలిసింది. తెలిసిందేమిటో ఇప్పుడు జ్ఞాపకం లేదు. తెలిసిన ఆ క్షణం మాత్రం, ఎవరో ఖాళీ చేసి వెళ్లిన గదిలా, లోపలే ఉంది.

"మీరందరూ ఎలా అంటే అలాగేనండి," అంది.

గవర్రాజు తల ఊపాడు. దరఖాస్తుదారులందరూ ఆ మాటే అంటారు.

చివరికి కొత్తగా వచ్చిన నిర్ణయాధికారి ఒక దారి కనిపెట్టాడు. ఆయన రిటైరవడానికి దగ్గరపడ్డ మనిషి, మెల్లగా మాట్లాడతాడు. ఆరో నెల ఆఖరి రోజు సూర్యాస్తమయం వేళ, పిల్లాడికి ఆరు నెలలు నిండుతూ ఉండగా, నెల మాత్రం ఇంకా మారకుండా ఉండగా పెడితే రెండు పక్షాలకీ న్యాయం జరుగుతుందన్నాడు. అనసూయమ్మ వేళ్ల మీద లెక్క చూసుకుని సరేనంది. డాక్టరుగారు ఉత్తరం రాసి ఒప్పుకున్నారు. ముందు ఉగ్గు, తర్వాత అరటిపండు, ఆ తర్వాత రాగిజావ, ఇడ్లీ ఇలా వరసక్రమం కుదిరింది. మొత్తం అరవై మూడు సంతకాలూ వచ్చాయి. ఆఖరి విచారణ గురువారం పదకొండు గంటలకి, తొలిముద్ద అదే రోజు సాయంత్రం.

ఆ ఉదయం వాసంతి బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి తిరగలిలో విసిరింది. వాసన ఇల్లంతా నిండింది. వెండిగిన్నె తోమి బోర్లించింది. శేషగిరికి సెలవు దొరకలేదు. అత్తగారినీ, పిల్లలిద్దరినీ తీసుకుని ఆమే బయలుదేరింది.

అధికారి ఉత్తర్వు పూర్తిగా చదివాడు. చదివాక, పద్ధతి ప్రకారం, "ఈ విషయంలో ఇంకెవరైనా చెప్పేది ఉంటే ఇప్పుడే చెప్పాలి," అన్నాడు. కలం మూత తీసి పెట్టుకున్నాడు.

"తమ్ముడికి ఆకలేస్తోంది," అంది మైత్రి. "ఇప్పుడే పెట్టెయ్యండి."

గవర్రాజు పుస్తకం తెరిచి, అరవై నాలుగు అని రాసుకున్నాడు.

"చిన్నపిల్ల మాట బాబూ. పట్టించుకోకండి," అంది అనసూయమ్మ.

"పిల్ల మాటే కావచ్చమ్మా," అన్నాడు అధికారి. ఆయన నిజంగానే బాధపడుతున్నట్టు కనిపించాడు. "అయిదేళ్లలో ఈ ఫైలులో పిల్లాడి ఆకలి గురించి వచ్చిన మొదటి మాట ఇది. కొట్టెయ్యడానికి నాకు అధికారం లేదు." ఆయన మైత్రి వైపు వంగాడు. "తమ్ముడికి ఆకలేస్తోందని నీకెలా తెలుసమ్మా?"

మైత్రి పిల్లాడి వైపు చూపించింది. పిల్లాడు వాసంతి భుజం మీద చీరంచు చప్పరిస్తున్నాడు.

"అది చూపించడం. నీకెలా తెలుసో చెప్పు."

మైత్రి మళ్లీ పిల్లాడి వైపే చూపించింది.

అధికారి వాసంతితో అన్నాడు. "మీరు తల్లి కాబట్టి, అమ్మాయి చెప్పింది నిజం కాదని సంతకం పెట్టొచ్చు. అప్పుడు ఆ మాట తీసేస్తాం."

"తీసేస్తే ఈ సాయంత్రం పెట్టుకోవచ్చాండి?"

"ఎలా పెడతారు? ఆకలి లేదని తల్లే రాసిచ్చాక పెట్టాల్సిన పనేముంది? ఫైలు మూసేస్తాం. వయసు అక్కడే ఉండిపోతుంది."

"నిజమేనని రాస్తేనో?"

"అభిప్రాయం నిలబడుతుంది. కాకపోతే అమ్మాయి మైనరు. పద్దెనిమిదేళ్లు నిండాక వచ్చి సంతకం చెయ్యాలి." గవర్రాజు లెక్కకట్టి పద్నాలుగేళ్ల అయిదు నెలలు అన్నాడు.

వాసంతి ఒళ్లోని పిల్లాడి వైపు చూసింది. ఇల్లు మూడు వీధుల అవతలే. పొడి సిద్ధంగా ఉంది, నీళ్లు కాగబెట్టడమే తరవాయి. ఈ మాట ఆమె మనసులో స్పష్టంగా మెదిలింది. మెదిలిన మాట ఎవరిదో ఆమె పోల్చుకోలేకపోయింది. తనదే అయితే, దాన్ని ఎక్కడ రాయించాలో తెలియలేదు.

"నిజమేనండి," అని సంతకం పెట్టింది.

దిగేటప్పుడు మెట్ల మీద అనసూయమ్మ, "నీకెలా తెలుసే, అంత పెద్ద మాట అనేశావు," అని మనవరాలిని నిలదీసింది. సాయంత్రం శేషగిరి వచ్చి జరిగింది విని, రెండు పక్షాల్లోనూ న్యాయం ఉందని చెప్పి, కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ముద్దుగానే అడిగాడు, "ఏమ్మా బంగారం, నీకెలా తెలిసింది?" అందరూ పడుకున్నాక వాసంతి కూడా ఒకసారి అడిగింది. ఆమె కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. మైత్రి పైకప్పు వైపు చూస్తూ చాలాసేపు ఆలోచించి, "తెలీదమ్మా," అంది.

ఉగ్గు పొడి డబ్బాలో పోసి వాసంతి మూత బిగించింది. అమ్మాయి అభిప్రాయంలో మార్పేమైనా ఉందా అని ఏటా ఒక నోటీసు వస్తుందని గవర్రాజు చెప్పాడు. పద్నాలుగేళ్లు ఎంతలో గడిచిపోతాయని అత్తగారు అంది. పిల్లాడికి ఏమీ కాదు కదా, వాడు వాడిలాగే ఉంటాడు కదా అని చుట్టుపక్కలవాళ్లు ఓదార్చారు. వాసంతికి కూడా కొన్నాళ్లకి అలాగే అనిపించసాగింది. పిల్లాడు ప్రతి ఉదయం మొదటిసారిగా బోర్లాపడి ఆశ్చర్యపోతూనే ఉన్నాడు.

రెండు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం వాసంతి మైత్రికి పప్పూ నెయ్యీ కలిపి అన్నం పెడుతోంది. సగం కంచం అయింది.

"ఇంకో ముద్ద పెట్టనా? ఆకలిగా ఉందా?" అంది.

మైత్రి నోరు తెరవబోయి ఆగింది. కంచంలోకి చూసింది, పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది, అక్కడేమైనా రాసి ఉందేమో అన్నట్టు తడిమి చూసుకుంది.

"ఏమో. నాకెలా తెలుస్తుంది?" అంది నెమ్మదిగా. "నాయనమ్మని అడుగు."

పిల్లకి బుద్ధి వస్తోందని వాసంతి అనుకుంది. ఆ మాట అత్తగారితో చెప్పాలనుకుంది. ఆవిడ లోపల పడుకుని ఉంది. లేవడానికి ఇంకో గంట పడుతుంది. వాసంతి ముద్ద చేతిలో పట్టుకుని, మూసి ఉన్న ఆ తలుపు వైపు తిరిగి కూర్చుంది. మైత్రి కూడా తిరిగి కూర్చుంది.